మొల్ల అనే పేరు ఇప్పుడు పాపకు పెట్టొచ్చా? అర్థం, పుట్టుక తెలిసినవాళ్ళు చెప్పండి

నరసరావుపేట అమ్మాయి:

అందరికీ నమస్కారం. మాకు పాప పుట్టింది. పుబ్బ నక్షత్రం, ఒకటో పాదం. పంతులుగారు 'మో' అక్షరంతో పేరు పెట్టమన్నారు. మోక్ష, మోక్షిత, మోహన, మోనిక అంటూ ఇంట్లో తలా ఒక పేరు చెప్తున్నారు. మా అమ్మ వాళ్ళ నాన్న, అంటే మా తాతయ్య, ఫోన్లో ఒక్కటే మాట అన్నారు: "మొల్ల అని పెట్టవే. ఇంతకంటే మంచి పేరు నీకు దొరకదు."

వినగానే నాకు చాలా నచ్చింది. చిన్న పేరు, అచ్చ తెలుగు పేరు, క్లాసులో ఇంకొకరికి ఉండదు. కానీ ఇంట్లో రోజూ ఇదే చర్చ. అత్తయ్యేమో "ఆ పేరు మన వాళ్ళలో పెట్టరమ్మా" అంటున్నారు. ఎందుకు పెట్టరో మాత్రం చెప్పరు. మా ఆడపడుచు "స్కూల్లో మొలతాడు అని ఏడిపిస్తారు వదినా" అంటోంది. మా ఆయనకు పేరు నచ్చింది కానీ ఇంగ్లీషులో రాస్తే ఎవరు ఎలా పలుకుతారో అని అనుమానం.

పిల్లల పేర్ల సైట్లు చూశాను. ఎక్కడ చూసినా 'జాస్మిన్' అని ఒక్క ముక్క రాసి వదిలేశారు. మొల్ల అంటే మల్లేనా, వేరే పువ్వా? కవయిత్రి మొల్లకు ఆ పేరు ఎలా వచ్చింది? ఈ రోజుల్లో ఎవరైనా పెడుతున్నారా? ఇంకో సందేహం కూడా ఉంది. పంతులుగారు చెప్పింది 'మో', దీర్ఘం. 'మొ' పనికొస్తుందా? ఇరవై ఒకటో రోజున బారసాల, దగ్గర పడుతోంది. తెలిసినవాళ్ళు దయచేసి చెప్పండి.

ఖరగ్‌పూర్ తెలుగువాణ్ణి:

శుభాకాంక్షలండీ. పేరు బాగుంది. ఒక విషయం మాత్రం ముందే తెలిసి ఉంటే మంచిదని చెప్తున్నాను. మా తాతల కాలంలో రైల్వే ఉద్యోగానికి వచ్చి ఇక్కడే ఉండిపోయాం. బెంగాల్లో 'మొల్లా' అనేది ఇంటి పేరు. ముస్లిం కుటుంబాల్లో బాగా కనిపిస్తుంది, 'ముల్లా' అనే మాట నుంచి వచ్చింది. ఇంగ్లీషులో రెండిటి స్పెల్లింగూ ఒకటే. కాబట్టి మీ పాప రేపు ఇటువైపు చదువుకో ఉద్యోగానికో వస్తే, పేరు చూసినవాళ్ళు అది ఇంటి పేరనుకుని "మరి మీ పేరేమిటి?" అని అడగొచ్చు. ఇందులో తప్పేమీ లేదు, ఒక నిమిషంలో చెప్పుకుంటే సరిపోయేదే. హిందీ వాళ్ళు 'మోలా' అని దీర్ఘం తీసే అవకాశం కూడా ఉంది.

నా మటుకు నాకైతే ఈ కారణాలతో పేరు మానుకోవక్కర్లేదు. మా ఇంట్లో వాళ్ళందరి పేర్లూ ఇక్కడ ఏదో ఒక రకంగా మారిపోయినవే, ఎవరికీ ఏమీ కాలేదు.

తెలుగు మాస్టారు, బద్వేలు:

అమ్మా, ముందుగా పాపకు నా ఆశీస్సులు. నేను హైస్కూల్లో తెలుగు చెప్పి రిటైరైనవాణ్ణి. మొల్ల తన ఊరుగా చెప్పుకున్న గోపవరం మా బద్వేలు పక్కనే. నెల్లూరు జిల్లా ఆత్మకూరు వైపు వాళ్ళు "ఆ గోపవరం మాది" అంటారు. ఆ వాదన ఎలా ఉన్నా, ఈ పేరు వింటూ పెరిగినవాణ్ణి కాబట్టి కొంచెం వివరంగానే రాస్తాను.

మొల్ల, మల్లె ఒకటి కావు. రెండూ ఒక జాతివే, ఇంగ్లీషులో రెండూ జాస్మినే, అందుకే సైట్ల వాళ్ళు అంతటితో సరిపెట్టారు. మల్లె ఎండాకాలం పువ్వు. మొల్ల చలికాలం పువ్వు. సంస్కృతంలో దీన్ని కుందం అంటారు. అమరకోశం చదివినవాళ్ళకు 'మాఘ్యం కుందమ్' అన్న ముక్క గుర్తుంటుంది. మాఘమాసంలో పూస్తుంది కాబట్టి మాఘ్యం. మల్లెతీగ ఇంకా ఆకు కూడా సరిగా వేయని రోజుల్లో మొల్లపొద తెల్లగా నిండి ఉంటుంది.

మా పెరట్లో ప్రహరీ గోడ వెంబడి ఒక పొద ఉంది. తీగ అనడానికీ లేదు, చెట్టు అనడానికీ లేదు, ఆసరా దొరికితే పైకి పాకుతుంది, లేకపోతే అక్కడే గుబురుగా పెరుగుతుంది. లేత కొమ్మల మీద, ఆకు అడుగున సన్నటి నూగు ఉంటుంది, వేలితో రాస్తే తెలుస్తుంది. మొగ్గ కింద పచ్చని తొడిమ దగ్గర కూడా ఆ నూగే. మొగ్గ సన్నగా, కొస దేలి ఉంటుంది. విచ్చుకున్నాక రేకులు సన్నటివి, ఏడో ఎనిమిదో ఉంటాయి. మల్లెకున్నంత ఘుమఘుమ దీనికి ఉండదు. మరి కవులు దీన్ని ఎందుకంతగా పట్టుకున్నారంటే, దాని తెలుపు కోసం. అందమైన పలువరుసను మొల్లమొగ్గలతో పోల్చారు. 'కుందరదన' అంటే అలాంటి పళ్ళున్న అమ్మాయి అని.

అన్నిటికన్నా పెద్ద సంగతి ఇంకొకటి ఉంది. పలక పట్టిన ప్రతి పిల్లకీ నేర్పే సరస్వతీ శ్లోకం 'యా కుందేందు తుషార హార ధవళా' అని మొదలవుతుంది. చదువుల తల్లి ఎంత తెల్లగా ఉందో చెప్పాల్సి వస్తే, చంద్రుడికంటే ముందు, మంచుకంటే ముందు ఆ శ్లోకంలో వచ్చేది కుందమే. అంటే మొల్లే. మీ అత్తయ్యగారికి ఈ ఒక్క మాట చెప్పండి. ఆవిడ ఆ శ్లోకం జీవితమంతా చదివే ఉంటారు.

ఇక కవయిత్రి మొల్ల. ఆతుకూరి కేసయ కూతురిని, మొల్ల అనేదాన్ని అని ఆమే పద్యంలో చెప్పుకుంది. తండ్రిని గురులింగ జంగమార్చన చేసేవాడని, శివభక్తుడని చెప్పింది. గోపవరంలోని శ్రీకంఠ మల్లేశ్వరుడి వరం వల్లే తనకు కవిత్వం అబ్బిందని రాసుకుంది. కూతురికి ఆ పేరు ఎందుకు పెట్టారన్నది ఆమె ఎక్కడా రాయలేదు కానీ, మల్లేశ్వరుడికి ఇష్టమైన పువ్వు పేరు పెట్టుకున్నారని మా వైపు పెద్దలు చెప్పేవారు. మల్లికార్జునుడి భక్తులున్న సీమలో, శ్రీశైలానికి నడిచిపోయే జనం ఉన్న సీమలో, అది సహజంగానే అనిపిస్తుంది. ఆమె కాలం 15, 16 శతాబ్దాలు అంటారు. పండితులు ఇంకా తేల్చుకోలేదు.

రామాయణాన్ని ఆరు కాండల్లో, ఎనిమిది వందలకు పైగా గద్యపద్యాల్లో చెప్పింది. రాజులకు అంకితం ఇవ్వలేదు, రాముడికే ఇచ్చింది. తనకు వ్యాకరణం రాదు, అలంకారాలు రావు అని వినయంగా చెప్పుకుంది కానీ, పద్యాలు చదివితే ఎంత వచ్చో తెలుస్తుంది. తేనె తగలగానే నోరు ఎలా తీయనవుతుందో, చదవగానే అర్థం అలా తెలియాలని, గూఢమైన మాటలతో రాస్తే అది మూగవాళ్ళూ చెవిటివాళ్ళూ చెప్పుకునే కబుర్లలా ఉంటుందని ఆమె అభిప్రాయం. అయిదు వందల ఏళ్ళ కిందటి ఆడమనిషి కావ్యం మొదట్లోనే ఇంత నిక్కచ్చిగా తన పద్ధతి చెప్పడం చూస్తే నాకు ఇప్పటికీ గౌరవంతో ఒళ్ళు జలదరిస్తుంది. అశోకవనంలో హనుమంతుడు సీతమ్మకు చెప్పే 'ఉన్నాడు లెస్స రాఘవుడు' పద్యం మీ పాపకు మాటలు రాగానే నేర్పండి. అందులో నిఘంటువు చూడాల్సిన మాట ఒకటో రెండో ఉంటాయి, అంతే.

ఇప్పుడు "మన వాళ్ళలో పెట్టరు" అన్న మాట. మీ అత్తయ్యగారి మనసులో ఏముందో నాకు తెలియదు కానీ, ఈ మాట నేను చాలా ఇళ్ళల్లో విన్నాను. మొల్లను 'కుమ్మరి మొల్ల' అనడం వాడుక. తన పద్యాల్లో ఆమె తన కులం ఫలానా అని చెప్పుకోలేదు. కుమ్మరి ఇంటి ఆడబిడ్డ అన్నది తరతరాలుగా జనం నోట నిలిచిన మాట, కుమ్మరుల శాలివాహన సంఘాల వాళ్ళు ఆమెను తమ ఆడపడుచుగా చూసుకుంటారు, మార్చి 13న జయంతి చేస్తారు. వాళ్ళు చేసుకోవాల్సిందే. కానీ పువ్వు పేరుకు కులం ఎక్కడిదమ్మా? పేరు వద్దనడానికి కారణం అదే అయితే, ఆ కారణం కోసమైనా పెట్టాల్సిన పేరు ఇది అని నేనంటాను.

నా సర్వీసు మొత్తంలో హాజరుపట్టీలో మొల్ల అనే పేరు ఒక్క పాపకే చూశాను. పక్క పల్లె నుంచి నడిచి వచ్చేది. ఆరో తరగతిలో చేరినప్పుడు తోటి పిల్లలు మీ ఆడపడుచు చెప్పిన మాటే అని ఏడిపించారు. పేరు పిలిస్తే 'ప్రెజెంట్ సార్' అని తల దించుకుని అనేది, వెనక బెంచీల్లో నవ్వులు. ఆ ఏడాది శ్రీపంచమికి బళ్ళో సరస్వతీ పూజ చేశాం. శ్రీపంచమి వచ్చేది మాఘమాసంలోనే కదా. మా పెరటి మొల్లపూలు ఒక బుట్టెడు కోసుకొచ్చాను. పూజలో పిల్లలందరి చేతా శ్లోకం చెప్పించి, 'కుంద' దగ్గర ఆపి, బుట్ట మూత తీసి "ఇదిగో ఇదే కుందం. తెలుగులో దీని పేరేమిటో తెలుసా?" అని అడిగాను. ఎవరికీ తెలియలేదు. "లేమ్మా, నువ్వు చెప్పు" అని ఆ పాపను లేపాను. తన పేరు తాను గట్టిగా చెప్పింది. ఆ పూలన్నీ ఆ పాప చేతే దేవి పటం దగ్గర పెట్టించాను. తర్వాత ఏడిపించడం పూర్తిగా ఆగిపోయిందని చెప్పను కానీ, పదో తరగతి అయ్యేసరికి తన పుస్తకాల అట్టల మీద పేరు పక్కన ఒక చిన్న పువ్వు బొమ్మ వేసుకునేది. పిల్లలు ఏడిపిస్తారన్న భయంతో పేరు మార్చుకుంటూ పోతే ఏ పేరూ మిగలదు. మోక్ష అని పెట్టినా ఏదో ఒకటి అంటారు. పాపకు తన పేరు అర్థం గట్టిగా తెలిస్తే చాలు.

వాడుక ఎందుకు తగ్గిందంటారా? నేను గమనించినదాన్ని బట్టి చెప్తాను. అచ్చ తెలుగు పూల పేర్లు పాతవి, పల్లెటూరివి అన్న భావన వచ్చింది. మల్లమ్మలు పోయి మల్లికలు వచ్చారు, చేమంతులు పోయారు, జాజి ముద్దుపేరుగా మిగిలింది. మొల్లకైతే ఇంకో ఇబ్బంది ఉంది. ఆమె ఒక్కతే గుర్తుకొస్తుంది కాబట్టి, గుళ్ళో విగ్రహంలా దూరం నుంచి దండం పెట్టే పేరైపోయింది. హైదరాబాద్ ట్యాంక్‌బండ్ మీద ఆమె విగ్రహం ఉంది, 2017లో తపాలా బిళ్ళ వేశారు, తెలుగు వాచకాల్లో పద్యాలు పెట్టారు. 1970లో వాణిశ్రీ మొల్లగా నటించిన సినిమా కూడా వచ్చింది, మీ తాతయ్యగారి వయసు వాళ్ళకు బాగా తెలుసు. ఇంత పేరున్న పేరును ఇంట్లో పిల్లకు పెట్టుకోవడం మాత్రం మానేశారు. రుద్రమ అని పెట్టుకుంటున్నారు, సంతోషం. మొల్ల కూడా ఇళ్ళల్లోకి రావాలి.

ఇక 'మొ' సంగతి. నక్షత్రాన్ని బట్టి పేరు మొదటి అక్షరం చెప్పే అవకహడ చక్రంలో పుబ్బకు మో, టా, టీ, టూ. ఆ లెక్కలు సంస్కృతం వాళ్ళవి. సంస్కృతంలో హ్రస్వమైన 'ఒ' లేనే లేదు, ఉన్నది 'ఓ' ఒక్కటే. కాబట్టి తెలుగు 'మొ'ను 'మో' కిందే లెక్క వేస్తారు. మౌనిక అనే పేరును 'మో'కు ఒప్పుకుంటున్నప్పుడు మొల్లకు అడ్డు చెప్పడానికి ఏమీ లేదు. మీ పంతులుగారిని అడగండి, ఇదే చెప్తారు.

పూలతోట:

మాస్టారుగారికి నమస్కారం. మేం పూలు సాగు చేస్తాం. మీరు వర్ణించినదాన్ని బట్టి ఒక మాట కలుపుతాను. ఉద్యానవనాల వాళ్ళు జాస్మినమ్ మల్టీఫ్లోరమ్ అనేది ఈ మొక్కనే. బజార్లో కాగడాలు అని, కాకడాలు అని అమ్ముతారు చూడండి, అవి ఇవే. మల్లెలు దొరకని రోజుల్లో దండలకు వీటినే వాడతారు. వాసన తక్కువైనా తెల్లగా ఉంటాయి, దండలో తొందరగా వాడవు. కాబట్టి అమ్మాయిగారూ, మొల్లపువ్వు ఎలా ఉంటుందో చూడాలంటే ఎక్కడికో పోనక్కర్లేదు, పూల బజారుకు వెళ్ళి కాగడాలు ఒక మూర కొనుక్కోండి. మీరు చాలాసార్లు పెట్టుకునే ఉంటారు.

ఇద్దరు పిల్లల తల్లి:

మాస్టారుగారు రాసింది మా ఇంట్లో అందరికీ చదివి వినిపించాను. నేను రెండు ప్రాక్టికల్ విషయాలు చెప్తాను.

ఒకటి, బారసాల దగ్గరపడిందని టెన్షన్ పడకండి. జనన నమోదు పేరు లేకుండా కూడా చేస్తారు. ఏడాదిలోపు ఎప్పుడైనా పేరు ఫీజు లేకుండా చేర్పించుకోవచ్చు, ఆ తర్వాతైతే ఫీజు కట్టి చేర్పించుకోవాలి. మా పెద్దదానికి అలాగే ఆలస్యంగా చేర్పించాం. కానీ ఒకసారి ఎక్కాక మార్చాలంటే చాలా తిరగాలి. అందుకని ఇంగ్లీషు స్పెల్లింగ్ ముందే తేల్చుకుని, సర్టిఫికెట్, ఆధార్, స్కూలు అన్నిచోట్లా అదే ఇవ్వండి. 'ఎల్' రెండుసార్లు రాయండి. ఒక్కటే రాస్తే మీ ఆడపడుచుగారి భయం నిజమవుతుంది.

రెండోది, ఇంట్లో ఒప్పుకోకపోతే కొందరు రెండు పేర్లు కలిపి పెడతారు. నాకైతే అది అంతగా నచ్చదు. రెండో పేరే అందరూ పిలుస్తారు, మొల్ల కాగితం మీద మిగిలిపోతుంది. పెడితే మొల్ల అనే పెట్టండి.

గుంటూరు:

చిన్న మాట. మొల్లను తొలి తెలుగు కవయిత్రి అని చాలామంది రాస్తుంటారు. అన్నమయ్యగారి భార్య తాళ్ళపాక తిమ్మక్క సుభద్రా కల్యాణం రాశారు, ఆమెను తొలి కవయిత్రిగా చెప్తున్నారు ఇప్పుడు. పాపకు పేరు కథ చెప్పేటప్పుడు ఈ సంగతి కూడా చెప్పండి. తిమ్మక్క అని ఎవరైనా పెడుతున్నారా అంటే అదీ లేదు, మా నాయనమ్మ తరంతో ఆగిపోయింది.

నరసరావుపేట అమ్మాయి:

అందరికీ చాలా చాలా థాంక్స్ అండీ. మాస్టారుగారూ, మీరు రాసినదంతా నిన్న రాత్రి అత్తయ్యకు చదివి వినిపించాను. సరస్వతీ శ్లోకం దగ్గర ఆవిడ ఆపమన్నారు. "కుంద అంటే బంగారం కాదా? కుందనం అంటారు కదా" అని అడిగారు. మాస్టారుగారు అలా రాయలేదు, పువ్వు అని రాశారు అన్నాను. కాసేపు ఏమీ మాట్లాడలేదు. కులం ముక్క కూడా దాటవేయకుండా చదివాను. అప్పుడు మాత్రం "నేనేమీ అది అనలేదమ్మా" అన్నారు. మామయ్య వెంటనే "మరి ఏమన్నావ్?" అన్నారు. ఇంక ఆ విషయం అక్కడితో ఆగింది.

పొద్దున అత్తయ్య నాతో వేరే ఏమీ అనకుండా "పేరు బియ్యంలో నేను రాస్తాను, ఉంగరం నాది వాడండి" అన్నారు. మా ఇళ్ళల్లో ఆ పని మేనత్త చేత చేయిస్తారు, కాబట్టి ఇప్పుడు నా ఆడపడుచు అలిగింది. అదొకటి సర్దాలి. మా ఆయన స్పెల్లింగ్‌లో రెండు 'ఎల్'లు అని కాగితం మీద రాసి ఫ్రిజ్ మీద అతికించారు.

పంతులుగారికి ఫోన్ చేశాను. 'మొ' పనికొస్తుంది, అభ్యంతరం లేదన్నారు. తాతయ్యకు ఇంకా చెప్పలేదు, బారసాలకు వస్తున్నారు, అక్కడే వింటారు.

మాస్టారుగారికి ఒక ప్రశ్న. ఆ మొక్క అపార్ట్‌మెంట్ బాల్కనీలో కుండీలో బతుకుతుందా? ఎండ ఒక పూటే వస్తుంది. నర్సరీలో ఏమని అడగాలి?

తెలుగు మాస్టారు, బద్వేలు:

చాలా సంతోషం తల్లీ. ముందు కుందనం సంగతి చెప్పేస్తాను. కుందనం అంటే మేలిమి బంగారం, అది వేరే మాట, కుందం పువ్వు. అత్తయ్యగారి సందేహం చాలామందికి వచ్చేదే. ఆడపడుచుగారికి బియ్యంలో మొదటి అక్షరం, అత్తయ్యగారికి రెండో అక్షరం ఇవ్వండి. పేరులో ఉన్నవి రెండే అక్షరాలు, సరిపోతాయి.

మొక్క కుండీలో బతుకుతుంది. కుండీ పెద్దది తీసుకోండి, నీళ్ళు నిలవకుండా అడుగున చిల్లులు ఉండాలి. ఒక పూట ఎండ చాలు కానీ, ఎండ ఎంత తగిలితే పూత అంత బాగుంటుంది. పూత అయిపోయాక కొమ్మలు కత్తిరించండి, కొత్త చిగుళ్ళకే మొగ్గ వస్తుంది. నర్సరీలో మొల్ల అంటే తెలియకపోవచ్చు, పూలతోటవారు చెప్పినట్టు కాగడా అని అడగండి, కొనేముందు లేత కొమ్మ మీద నూగు ఉందో లేదో వేలితో రాసి చూడండి. దొరక్కపోతే వానలు పడ్డాక ఇక్కడ రాయండి, మా పొద నుంచి కొమ్మలు కోసి తడిగుడ్డలో చుట్టి పంపిస్తాను. వానాకాలంలో అయితే తొందరగా వేరు పడతాయి.